కాగితం చిరిగిన చోట

"ఎత్తిరాసే పనే కదా," అంటాడు మా ఆయన. ఇవాళ ఆలస్యమైతే ఆఫీసులో మాట పడాలండీ, ఆ కాఫీ కప్పు కాస్త సింకులో పడేయండి అని నేను చెప్పులు వేసుకుంటూ అన్నదానికి జవాబు అది. కోపంగా అనలేదు, వెక్కిరిస్తూనూ అనలేదు. బయట ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి, కప్పు కడిగి బోర్లించి, మళ్ళీ చెప్పులేసుకుని బస్సు కోసం పరిగెత్తాను. పెళ్ళయిన కొత్తలో అయితే ఆ మాటకు దారి పొడుగునా జవాబులు కూర్చుకునేదాన్ని. ఇప్పుడు సీటు దొరికితే చాలనుకుంటున్నాను.

ఎత్తిరాసే పనే, కాదనను. పెద్ద గ్రంథాలయం కింద నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, నేనూ కళ్ళజోడక్కా కూర్చుని చేసే పని అది. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది, ఆవిడ అసలు పేరు జీతాల దగ్గర తప్ప ఎవరికీ గుర్తుకురాదు. మా ముందు మూడు పెట్టెలు. వాటిలో వందేళ్ళ కిందటి నాటకకర్త చేతిరాత ఉత్తరాలు. ఆయన నాటకాలు పిల్లల పాఠాల్లో ఉన్నాయి. ఆయన విగ్రహం మా గ్రంథాలయం మెట్ల పక్కనే ఉంది. విగ్రహంలో తలెత్తుకుని దూరంగా ఎటో చూస్తుంటాడు. ఉత్తరాల్లో మాత్రం తలెత్తిన పాపాన పోలేదు. ప్రతి ఉత్తరమూ డబ్బు కోసమే. అచ్చు వేసినవాడికి బాకీ, దీపాలవాడికి బాకీ, తెరలకు రంగులేసినవాడికి బాకీ. మేమిద్దరం ఆయన్ని అప్పులాయన అని పిలుచుకునేవాళ్ళం.

నేను ఉత్తరం చూసి టైపు చేస్తాను. తర్వాత సరిచూడటం. అక్క అసలు కాగితం పట్టుకుని పైకి చదువుతుంది, నేను టైపు చేసినదాని మీద వేలు పెట్టి వెంట నడుస్తాను. మాటలతో పాటు కామాలూ ఫుల్‌స్టాపులూ పైకి చదవాలి. పేరా మారితే పేరా అనాలి. కాగితం చిరిగినా, పురుగు తినేసినా, సిరా ఒలికినా, ఆ సంగతి స్క్వేర్ బ్రాకెట్లో రాయాలి, చదివేటప్పుడు దాన్నీ చెప్పాలి. గొంతులో ఏ భావమూ ఉండకూడదు. భావం వచ్చిందంటే కన్ను ముందుకు పరిగెడుతుంది, తప్పు దాటిపోతుంది. అందుకని ఆ మహానుభావుడి ఏడుపంతా అక్క బజారు చీటీ చదివినట్టు చదివేది. "ఈ ఒక్కసారికి కామా నా పరువు కాపాడుడు ఫుల్‌స్టాప్ పేరా." మొదట్లో నవ్వాపుకోలేకపోయేదాన్ని.

పైన మూడో అంతస్తులో సంపాదకుడుగారుంటారు. ఉత్తరాలు పుస్తకంగా వచ్చేది ఆయన పేరు మీద. మా పేర్లు ఉంటాయా సార్ అని అక్క ఒకసారి అడిగింది. "ముందుమాటలో సిబ్బందికి కృతజ్ఞతలు అంటాను కదమ్మా, అందులో మీరూ వస్తారుగా," అన్నారాయన. అంత చక్కగా నవ్వుతూ అంటే ఇంకేం అడుగుతాం. కిందికొచ్చి మళ్ళీ కామాలు మొదలుపెట్టాం.

రెండో పెట్టెలో ఒక ఉత్తరం దొరికింది. ఊళ్ళోని కలప వ్యాపారికి రాసింది. అక్క చదివిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

"దయామయులైన తమకు కామా ఇది వ్రాయుటకు చేయి వణకుచున్నది ఫుల్‌స్టాప్ నా భార్య కడుపులో గడ్డ లేచినదని వైద్యులు చెప్పినారు ఫుల్‌స్టాప్ కోత తప్పదట ఫుల్‌స్టాప్ చేతిలో పైకము లేదు ఫుల్‌స్టాప్ ఈ సంగతి ఆమెకు తెలియనీయవలదు ఫుల్‌స్టాప్ అభిమానవతి కామా తెలిసిన మందు ముట్టదు ఫుల్‌స్టాప్ స్క్వేర్ బ్రాకెట్ కాగితం చిరిగింది బ్రాకెట్ క్లోజ్."

సంతకం ఉండాల్సిన చోటే చిరిగింది. పాపం అనుకున్నాను. పాపమన్నది ఆయన్నే అని తర్వాత తట్టింది. ఆ క్షణాన నా జాలి కూడా అలవాటుగా మగమనిషి వైపే నడిచింది.

అదే నెలలో ఒక నటుడికి రాసిన ఉత్తరం ఆ వెనకే ఉంది. ఇప్పుడు మా ఇల్లు సత్రము వలె ఉన్నది, పదునలుగురు నటులు రెండు పూటలా మా యింటనే భోంచేయుచున్నారు, నా భార్య ఒక్కతే వండి వడ్డించుచున్నది అని గొప్పగా రాసుకున్నాడు. అక్క కాగితం కింద పెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"గడ్డా లేదు గిడ్డా లేదు. జబ్బుమనిషి పద్నాలుగు మందికి రెండు పూటలా వండుతుందటే? ఆ కలపాయన దగ్గర గుంజడానికి వేసిన ఎత్తు."

"మహా ముదురు," అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. కలపాయన డబ్బు పంపాడట. దాంతో కొత్త తెర వేయించానని మూడో ఉత్తరంలో ఉంది.

సంపాదకుడుగారు ఆ వంట వాక్యాల కింద పెన్సిలు గీత గీసి పంపారు. "ఇలాంటి ఇంటి సంగతులు తీసేసి మూడు చుక్కలు పెట్టమ్మా. పాఠకుడికి వంటింటితో పనేముంది?" నేను తీసేశాను. మూడు చుక్కలు పెట్టాను. ఎత్తిరాసే పనితో పాటు ఎత్తేసే పని కూడా నాదే.

పని ఎక్కువైనప్పుడు టైపు చేయడానికి ఇంటికి తెచ్చుకునేదాన్ని. భోజనాలయ్యాక తిన్న బల్ల దగ్గరే కూర్చుంటే, మా ఆయన నా భుజం మీంచి వంగి చదివేవాడు. ఆయనకూ నాటకాల పిచ్చే. బీమా కంపెనీలో ఉద్యోగం వదిలేసి ఐదేళ్ళు. కళకు నెలజీతం అడ్డమని వదిలేశాడు. అప్పట్నించీ కళకు నా నెలజీతం అడ్డం కావడం లేదు. ఆ ఉత్తరాలు చూసినప్పట్నుంచీ అప్పులాయన పేదరికం మీదే నాటకం రాస్తానని కూర్చున్నాడు. "ఏం భాష, ఏం బాధ. అవన్నీ నా ఫోన్లో కూడా వేసిపెట్టవోయ్," అన్నాడు. వేసిపెట్టాను. చదువుకుంటూ కళ్ళు తుడుచుకునేవాడు. వందేళ్ళ కిందటి మనిషి కష్టానికి అంత ఇదైపోయే మనసు ఇంట్లోనే ఉంది కదా, నా వైపు ఎప్పుడు తిరుగుతుందో అని నేను గిన్నెలు తోముకుంటూ ఎదురుచూసేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎదురుచూశాను.

ఆదివారం ఆదివారం మా హాల్లో రిహార్సలు. తొమ్మిది మంది వస్తారు. మూడుసార్లు టీ, మధ్యాహ్నం భోజనం. "మీ ఇంటి భోజనం తింటే గానీ మాకు డైలాగు రాదండీ," అంటారు వాళ్ళు. అది నాకు మెచ్చుకోలట. నేను వంటింటి గట్టును కడుపుకు ఆనించి నిలబడి తరుగుతుంటాను. అలా ఆనించుకుంటే నొప్పి కాస్త అణుగుతుంది. ఆ చిట్కా ఎవరూ నేర్పలేదు.

నొప్పి మొదలై ఏడాది దాటింది. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో ఆస్పత్రిలో చేర్చారు, మా ఆయన వచ్చాడు. గర్భసంచిలో గడ్డ ఉందనీ, పెరుగుతోందనీ, రక్తం బాగా తగ్గిపోయిందనీ, ఇంక ఆలస్యం చేయకుండా తీసేయాలనీ డాక్టరమ్మ ఆయనతోనే చెప్పింది. నేను పక్క మంచం మీదే ఉన్నాను. బయటికొచ్చాక ఆటోలో ఆయన నా చేయి పట్టుకున్నాడు. "నాటకం అయిపోనీ. ప్రదర్శన నెత్తిన పెట్టుకుని నువ్వు మంచమెక్కితే ఇల్లెవరు చూస్తారు చెప్పు?" అన్నాడు. ఆ చేయి పట్టుకోవడానికే నేను మెత్తబడిపోయాను, తలూపాను. ఇంటికొచ్చాక మా అత్తగారు, "గడ్డలు ఎవరికి లేవమ్మా. నాకూ ఉందన్నారు ఆ రోజుల్లో. పనిలో పడి మర్చిపోయా, అదే కరిగిపోయింది," అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ నిజంగానే మర్చిపోయి ఉంటారు.

ఆ తర్వాత దాని ఊసే రాలేదు. ఊసొచ్చిందల్లా నా పీఎఫ్ డబ్బు గురించి. హాలు అద్దె, లైట్లు, దుస్తులు. దరఖాస్తు కాగితం ఆయనే తెచ్చి, కారణం అన్న చోట పెన్సిలుతో 'ఇంటి మరమ్మతు' అని రాసి, భోజనాల బల్ల మీద ఉప్పు సీసా కింద పెట్టాడు. నేను సంతకం పెట్టడమే తరువాయి. కూరలో ఉప్పు వేసుకునేటప్పుడల్లా అందరికీ ఆ కాగితం కనబడేది. "ఇంకా పెట్టలేదా?" అనేవారు అత్తగారు, ఉప్పు గురించి అడిగినట్టు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నాకంటూ మిగిలింది అదొక్కటే.

మూడో పెట్టె విప్పిన వారంలో ఆ ఉత్తరం వచ్చింది. అదే కలప వ్యాపారికి. ఎప్పటిలాగే అక్క చదవడం మొదలుపెట్టింది.

"నా భార్య గతించి నెల దాటినది ఫుల్‌స్టాప్ ఆ గడ్డయే ఆమెను తీసుకుపోయినది ఫుల్‌స్టాప్ చివరి వారము దాక పొయ్యి దగ్గరనుండి లేవలేదు కామా ఒక్కనాడును నొప్పి అని అనలేదు ఫుల్‌స్టాప్ ఉత్తమురాలు ఫుల్‌స్టాప్ ఆమె ఉత్తరక్రియల బాకీలు తీర్చుటకు తమరేమైన పంపగలిగిన"

అక్క ఆగిపోయింది. నేను వేలు అలాగే పెట్టుకుని కూర్చున్నాను. ఆ వాక్యానికి ఫుల్‌స్టాప్ అక్క చెప్పనేలేదు.

"నిజమేనటే," అంది చివరికి.

"ఊఁ."

"ఎంత పాపిష్టిదాన్నే. వండుతోంది కాబట్టి జబ్బు లేదన్నాను."

అక్క మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. అంతకుముందు ఆవిడకు జ్వరమొస్తే ఇంట్లో అందరూ పొయ్యి వైపు చూసేవారట. పొయ్యి వెలుగుతుంటే జ్వరం లేనట్టే. ఆ సంగతి ఎప్పుడో నవ్వుతూ చెప్పింది. మేమిద్దరం ఆడవాళ్ళమై ఉండి, ఆ మాటే నమ్మి, అప్పులాయన భార్య మీద నవ్వాం. ఆమె రాసింది ఒక్క ముక్కయినా ఈ మూడు పెట్టెల్లో లేదు. ఆమె జబ్బు సంగతి ఆయన రాశాడు, ఆమె వంట సంగతి ఆయన రాశాడు, ఆమె చావు సంగతి ఆయన రాశాడు. మూడింటితోనూ డబ్బడిగాడు. నేను బల్ల కింద కడుపు మీద చేయి పెట్టుకున్నాను. అక్క చూసింది.

మర్నాడు మధ్యాహ్నం మా అన్నయ్య ఫోన్ చేశాడు. వేరే ఊళ్ళో చిన్న టైలరింగు షాపు వాడిది. నేను విగ్రహం పక్కన మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుతున్నాను.

"అమ్మాయ్, ఎలా ఉన్నావే? నీకు తెలియనివ్వొద్దన్నారు బావగారు. నెల రోజులు నోరు మూసుకున్నా. ఇంక ఉండబట్టలేదు. ఆపరేషన్ అయిపోయిందా?"

"ఏ ఆపరేషనన్నయ్యా?"

వెనక మిషను చప్పుడు ఆగింది.

"గడ్డన్నారు కదమ్మా. చేతిలో డబ్బు లేదని రాశారు. చొక్కాలకు కాజాలు కుట్టే మిషను కొందామని మీ వదినా నేనూ దాచింది ఉంటే పంపించేశా. మీ వదినకు చూపు ఆనడం లేదు, కాజాలు చేత్తో కుట్టలేకపోతోందని మిషను అనుకున్నాం. పోనీలే, కుడుతోంది ఇంకా. నీ ప్రాణం కంటేనా."

నేను డబ్బా మూత పెట్టేశాను.

"ఏమని రాశాడన్నయ్యా?"

"ఎంత మర్యాదగా రాశారే. చదువుతుంటే ఏడుపొచ్చింది. నీకు పంపిస్తానుండు. కానీ చివర ఒక ముక్క నాకు అర్థం కాలేదమ్మా. కాగితం చిరిగింది అని ఉంది. ఫోన్లో కాగితమెక్కడిదే?"

పంపించాడు. చూశాను. మామూలుగా మనుషులు మాట్లాడుకునే మాటల్లోకి మార్చాడు గానీ, వరస అదే. దయామయులైన బావగారికి. చేయి వణుకుతోంది. కోత బదులు ఆపరేషన్, పైకము బదులు డబ్బు. పై నుంచి మారుస్తూ వచ్చి కింద ఆ బ్రాకెట్టు చూసుకోలేదు. నేను టైపు చేసిన బ్రాకెట్టు. నా వేళ్ళతో కొట్టిన ఆ రెండు మాటలు ఫోన్లో ఉన్నవి ఉన్నట్టుగా మా అన్నయ్య షాపుకు వెళ్ళి, వదిన కళ్ళు అమ్మించి డబ్బు పట్టుకొచ్చాయి. పక్కనే విగ్రహం దూరంగా ఎటో చూస్తోంది. నాకు ఆ క్షణాన దాని మీద కూడా అసహ్యం వేసింది.

ఆదివారం వచ్చింది. ఆ మూడు రోజులూ ఏమీ అనలేదు నేను. అనడానికి ఏం మాటలు వాడాలో తెలియలేదు, ఆయనకేమో అన్నీ వచ్చు. తొమ్మిది మందీ వచ్చారు. పెద్ద గిన్నెలో అన్నం పొయ్యి మీద పెట్టి టీ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. భార్య వేషం వేసే అమ్మాయి రాలేదట.

"ఏమోయ్, ఓ నిమిషం ఇలా నిలబడు. ఆ స్తంభం దగ్గర అనుకో. నీకు డైలాగేమీ లేదు, ఊరికే నిలబడటమే," అన్నాడు మా ఆయన.

నిలబడ్డాను. ట్రే చేతిలోనే ఉంది. ఆయన కింద కూర్చుని, కలం పట్టుకున్నట్టు చేయి గాల్లో పెట్టి, గొంతు వణికిస్తూ అందుకున్నాడు. "దయామయులైన తమకు..." బాగా చేస్తాడు. అది నేను కాదనలేను. "ఈ సంగతి ఆమెకు తెలియనీయవలదు," అన్న చోట నా వైపు ఎంత ప్రేమగా చూశాడో, మా అత్తగారు గుమ్మంలో నిలబడి పైట చెంగు కళ్ళకద్దుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్నలా చూడటం అదే మొదలు.

ట్రే కింద పెట్టాను. ఫోను తీశాను. అక్క గొంతుతోనే చదివాను. ఇంకో గొంతు వాడితే ఏడ్చేసేదాన్ని.

"దయామయులైన బావగారికి కామా ఇది రాయడానికి చేయి వణుకుతోంది ఫుల్‌స్టాప్ మీ చెల్లెలి కడుపులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పారు ఫుల్‌స్టాప్ ఆపరేషన్ తప్పదట ఫుల్‌స్టాప్ చేతిలో డబ్బు లేదు ఫుల్‌స్టాప్ ఈ సంగతి తనకు తెలియనివ్వకండి ఫుల్‌స్టాప్ అభిమానం గల మనిషి కామా తెలిస్తే మందు ముట్టదు ఫుల్‌స్టాప్ స్క్వేర్ బ్రాకెట్ కాగితం చిరిగింది బ్రాకెట్ క్లోజ్."

దీపాల కుర్రాడి వేషం వేసే అతను, ఇదీ నాటకంలో భాగమే అనుకున్నాడు కాబోలు, "కొత్తగా ఉందండీ ఈ సీను," అని నవ్వాడు. తర్వాత మా ఆయన ముఖం చూసి నవ్వు దింపేశాడు. ఎవరూ టీ కప్పు ముట్టుకోలేదు.

"లోపలికి నడు," అన్నాడు మా ఆయన, పళ్ళ మధ్య నుంచి. నేను కదలకపోయేసరికి తనే లేచాడు. "అందరి ముందూ నా పరువు తీయాలని ఎన్నాళ్ళ నుంచి కాచుకున్నావ్? అంత తప్పేం రాశాను? అబద్ధం రాశానా? నీకు గడ్డ లేదా?"

అదే నేనూ ఆలోచిస్తున్నాను. ఆయన ఒక్క అబద్ధమూ రాయలేదు. అప్పులాయనా రాయలేదు. నేను చచ్చిపోతే ఆ సంగతి కూడా నిజాయితీగానే రాస్తాడు, మా అన్నయ్యకే రాస్తాడు, డబ్బు కోసమే రాస్తాడు. ఆ మాటలు కూడా మూడో పెట్టెలో ఉన్నాయి, వాటిని కూడా నేనే టైపు చేసి ఆయన ఫోన్లో వేసి ఉండేదాన్ని.

"డబ్బేం చేశారు?" అన్నాను.

"హాలుకు అడ్వాన్సు ఇచ్చా. ప్రదర్శన ఆడితే అంతకంత వస్తుంది, నీ ఆపరేషన్ దర్జాగా చేయిద్దామనే కదా నేను..."

"అన్నయ్య డబ్బు మీరు తీర్చండి. రాసింది మీరు."

భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి ఉప్పు సీసా జరిపాను. దరఖాస్తు మీద గుండ్రంగా తడి మరక పడి ఉంది. ఆయన ముఖం కొంచెం విప్పారింది, సంతకం పెడుతున్నాననుకున్నాడు. నేను ఇంటి మరమ్మతు అన్న మాట చెరిపేసి, వైద్యం అని పెన్నుతో రాసి, కింద నా పూర్తి పేరు రాశాను. ఎత్తిరాతలో సొంత పేరు రాసే అవసరమే పడదు కదా, చేయి అలవాటు తప్పింది. రెండు చోట్ల వంకర పోయింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళి, సగం ఉడికిన అన్నం కింద పొయ్యి ఆపేశాను.

మా అత్తగారు నా వెనకే వచ్చి గిన్నె మూత తీసి చూశారు. "ఏంటమ్మా ఇది, ఇంకా పలుకుగానే ఉంది. అంతమంది కూర్చుని ఉన్నారు అక్కడ."

"నాకు ఒంట్లో బాగాలేదత్తయ్యా," అన్నాను. ఆ మాట ఇన్నాళ్ళూ నా బదులు మా ఆయనే రాశాడు, నోరు విప్పి నేను అనడం అదే మొదటిసారి.